మే నెల దాకా ఆగవచ్చా?

పరకాల దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వద్దన్నారు కాబట్టి విషయం వరకు కుదించి ఇస్తున్నాను.

ఆమె ఇంట్లోనే బట్టలు కుడతారు. భర్తకు సొంత డీసీఎం వ్యాను ఉంది. పంట చేతికొచ్చే రోజుల్లో పత్తి, మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలుతారు. వారికి ఒక్కతే కూతురు, పదిహేడేళ్లు. హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతూ నీట్‌కు సిద్ధమవుతోంది. పద్నాలుగో ఏట ఆ అమ్మాయికి రక్తవిరేచనాలు మొదలయ్యాయి. మొదట మొలలన్నారు, తర్వాత అమీబా అన్నారు. ఆరు నెలలు అలా గడిచాక కొలనోస్కోపీ చేసి అల్సరేటివ్ కొలైటిస్ అని తేల్చారు. పెద్దపేగు అంతటా వాపు ఉందని, కుడివైపు ఎక్కువగా, మలద్వారం దగ్గర తక్కువగా ఉందని కాగితంలో రాశారట. కొన్నాళ్లు ప్రెడ్నిసోలోన్, ఆ తర్వాత మెసలమైన్ మాత్రలు వాడారు. రెండేళ్లుగా రక్తం లేదు, బరువు పెరిగింది, క్లాసులో మొదటి పదిమందిలో ఉంటోంది.

చిక్కంతా ఈ ఏడాది రక్తపరీక్షలతో వచ్చింది. కాలేయం పరీక్షలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ జూన్‌లో 298, సెప్టెంబరులో 351, నవంబరులో 412. కాలేయ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 74. కామెర్లలో పెరిగే బిలిరుబిన్ మామూలుగానే ఉంది. పేగుల వైద్యుడు కాగితాలు చూసి మరికొన్ని రక్తపరీక్షలు, ఎమ్మార్‌సీపీ అనే స్కానింగు రాశారు. అమ్మాయి తండ్రి మాత్రం, 'కడుపులో నొప్పి లేదు, కామెర్లు లేవు, పిల్ల బాగానే ఉంది; మే నెలలో పరీక్ష అయ్యేదాకా దాని చెవిన ఈ మాట వేయవద్దు' అన్నారట. అత్తగారు పసరు మందు తెప్పిస్తానంటున్నారు. ఈమె ఫోనులో వెతికితే క్యాన్సర్, కాలేయ మార్పిడి అన్న మాటలు కనిపించాయి. అప్పటి నుంచి నిద్ర లేదు. దానికి తోడు మరో బాధ: కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి పెరుగుతుందని తిప్పతీగ కషాయం మొదలుపెట్టి, ఇప్పటికీ సెలవులకు వచ్చినప్పుడల్లా ఇస్తున్నారట. హాస్టలుకు పొడి కూడా కట్టి పంపారు. 'నా చేతులతో నేనే పాడుచేశానా?' అని అడిగారు. చివరి పేజీ అంచున చిన్న అక్షరాలతో ఇంకో రెండు మాటలు రాశారు. అమ్మాయి తన మాత్రలను తోటి పిల్లలకు కనిపించకుండా ఖాళీ పౌడరు డబ్బాలో పోసి దాచుకుంటోందట. దసరా సెలవుల్లో రాత్రిళ్లు అరికాళ్లు గోక్కుంటూ కనిపించిందట. 'హాస్టల్ నీళ్లు పడలేదేమో' అన్నారు.

అమ్మా, మీ ఉత్తరం చదివి నేను ముందుగా ఆగింది ఆ అంచున రాసిన మాట దగ్గరే.

ముప్పై ఏళ్లు ఈ జిల్లాలో వైద్యం చేసిన వాడిగా చెబుతున్నాను. దద్దుర్లు లేని దురద, రాత్రిపూట పెరిగే దురద, అరచేతుల్లో అరికాళ్లలో మొదలయ్యే దురద కనిపిస్తే చర్మం కంటే ముందు కాలేయాన్ని అడగాలి. ఒకప్పుడు నర్సంపేట వైపు నుంచి ఒక రైతు నా దగ్గరికి వచ్చాడు. రెండేళ్లుగా గజ్జి మందులు, ఎలర్జీ మాత్రలు మింగుతున్నాడు. చెప్పులు విప్పమంటే విప్పాడు. మడమల చర్మం నున్నగా మెరుస్తోంది. రాత్రిళ్లు నిద్ర పట్టక గడప అంచుకు అరికాళ్లు రుద్దీ రుద్దీ అలా అయిందని ఆయన భార్య చెప్పింది. ఒంటిమీద గోటి గీతలు తప్ప ఒక్క పొక్కు లేదు. అతనికీ అంతకు ఐదేళ్ల ముందు నుంచే పెద్దపేగు జబ్బు ఉంది. ఆ రెండింటినీ కలిపి ఎవరూ చూడలేదు. మీ అమ్మాయి దురద అదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. హాస్టల్ నీళ్లే కావచ్చు, చలికాలపు పొడి చర్మం కావచ్చు. కానీ ఈ మాట మీ వైద్యుడికి చెప్పారా? ఉత్తరాన్ని బట్టి చెప్పలేదనిపిస్తోంది. తప్పకుండా చెప్పండి.

పేగుకు జబ్బు వస్తే కాలేయం ఎందుకు చూస్తారని మీ వారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొలైటిస్ అంటే పేగుకు పుండు పడటం మాత్రమే కాదు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థ శరీరం మీదికే తిరగబడటం. అలా తిరగబడినది ఒక్క పేగుతోనే ఆగాలని లేదు. కొందరిలో కీళ్లను, కొందరిలో కళ్లను, కొందరిలో కాలేయంలోని పిత్తనాళాలను పట్టుకుంటుంది. కాలేయంలో తయారైన పిత్తరసం పేగులోకి దిగే సన్నని గొట్టాలే పిత్తనాళాలు. వాటికి వాపు వచ్చి, మానిన చోటల్లా మచ్చ కట్టి, దారి ఇరుకవుతుంది. దాన్ని ప్రైమరీ స్క్లెరోజింగ్ కొలాంజైటిస్ అంటారు. వైద్యులు క్లుప్తంగా పీఎస్‌సీ అంటారు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో కొలైటిస్ ఉన్న నూరుమందిలో ఇది కనిపించేది సుమారు ఐదుగురిలోనే. కానీ తిరగేసి చూడండి: పీఎస్‌సీ ఉన్న నూరుమందిలో దాదాపు 70 మందికి పేగు జబ్బు ఉంటుంది, అందులో ఎక్కువ భాగం మీ అమ్మాయికి ఉన్న కొలైటిసే. కొలైటిస్ ఉన్నవారికి లక్షణాలు లేకపోయినా ఏటా కాలేయం పరీక్ష చేయించమనడానికి కారణం ఇదే. మీ వైద్యుడు ఆ పని చేశారు కాబట్టే ఇది మన కంటపడింది. ఆయన అనవసరంగా పరీక్షలు రాస్తున్నాడని మీ వారు అనుకుంటున్నట్టుంది. నా ఉద్దేశంలో ఆయన తన పని చక్కగా చేశారు.

మీరు గట్టిగా పట్టుకున్న ధైర్యం ఒకటుంది: 'పేగు నెమ్మదించింది కదా, ఇక లోపల ఏముంటుంది?' ఇక్కడే చాలామంది పొరబడతారు. పేగు, పిత్తనాళాలు కలిసి నడవవు. పిత్తనాళాల జబ్బు తోడైనవారిలో కొలైటిస్ తరచూ నెమ్మదిగానే ఉంటుంది. పేగు అంతటా వ్యాపించినా రక్తం, నొప్పి తక్కువగా ఉంటాయి. కుడివైపు ఎక్కువ, మలద్వారం దగ్గర తక్కువ అన్న తీరు కూడా వారిలో ఎక్కువగా కనిపిస్తుంది. మీరు కాగితం చూసి ఎత్తి రాసిన ఆ వాక్యం అందుకే నాకు పనికొచ్చింది. చివరికి పెద్దపేగును మొత్తం తీసేసినా పిత్తనాళాల జబ్బు తన దారిన తాను సాగుతుంది. కాబట్టి పేగు శాంతించడం సంతోషించవలసిన విషయమే కానీ, కాలేయం గురించి అది ఏ సాక్ష్యమూ ఇవ్వదు.

ఇక ఆ 412 సంగతి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్క కాలేయం నుంచే రాదు, ఎముకల నుంచి కూడా వస్తుంది. ఎదిగే పిల్లల్లో అది పెద్దవారి కంటే రెండు మూడు రెట్లు ఉండటం మామూలే. ల్యాబు కాగితం మీద అచ్చు వేసిన హద్దులు పెద్దవారివి. వాటితో పోల్చి ఎదిగే పిల్లను రోగిని చేయకూడదు. విటమిన్ డి తక్కువైనా ఇది పెరుగుతుంది. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదింటి దాకా స్టడీ అవర్లలో కూర్చునే పిల్లలకు ఎండ తగిలేదెప్పుడు? అయితే ఆడపిల్లల్లో ఎముకల ఎదుగుదల పదిహేడు నాటికి చాలావరకు పూర్తవుతుంది. ఈ అంకె తగ్గవలసిన వయసులో ఆరు నెలలుగా పెరుగుతోంది. పైగా ఎస్‌జీపీటీ కూడా హద్దు దాటింది, అది ఎముకల పని కాదు. ఈ ముడి విప్పేది జీజీటీ అనే రక్తపరీక్ష. అది ఎముకల నుంచి రాదు. జీజీటీ మామూలుగా ఉంటే ఎముకల వైపు చూస్తాం, పెరిగి ఉంటే పిత్తనాళాల వైపు చూస్తాం. ఈ వయసు పిల్లల్లో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కంటే దీన్నే నమ్ముతాం. మీరు రాసిన మూడు కాగితాల్లో ఇది లేదు. కొన్ని వందల రూపాయల పరీక్ష, ముందుగా చేయించవలసింది ఇదే.

జీజీటీ పెరిగిందే అనుకుందాం. అప్పుడు కూడా అది పీఎస్‌సీయేనని తేలిపోదు. ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అని మరొకటుంది. అందులో దాడి నాళాల మీద కాకుండా కాలేయ కణాల మీదే జరుగుతుంది. ఆడపిల్లల్లో ఎక్కువ. పిల్లల్లో, యువతలో ఈ రెండూ కలిసి ఉండటం పెద్దవారిలో కంటే తరచుగా చూస్తాం. ఇది మందుకు లొంగే జబ్బు. ప్రెడ్నిసోలోన్, అజథయోప్రిన్ వంటి మందులతో చాలామంది పూర్తిగా కుదుటపడతారు. అలాగని మందు లేకుండా వదిలేస్తే చాపకింద నీరులా కాలేయాన్ని గట్టిపరుస్తుంది. అందుకే రక్షణ వ్యవస్థ కాలేయం మీదికి తిరగబడిందా అని చూసే ఐజీజీ, ఏఎన్‌ఏ, ఎస్‌ఎంఏ అనే రక్తపరీక్షలు రాస్తారు. వీటితో పాటు హెపటైటిస్ బి, సి పరీక్షలు, ఈ వయసులో తప్పనిసరిగా ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు కోసం సెరులోప్లాస్మిన్ కూడా చూస్తారు. కొన్నిసార్లు వాడే మందే కారణమవుతుంది. మెసలమైన్ వల్ల కాలేయం దెబ్బతినడం అరుదు, కానీ ఉంది.

తిప్పతీగ దగ్గరికి వస్తాను. మీ ప్రశ్నల్లో ఎక్కువ నొప్పి ఇక్కడే ఉందని నాకు తెలుసు. కరోనా కాలంలో దేశమంతా తాగింది, మీరొక్కరే కాదు. 2021లో ముంబై వైద్యులు, ఆ మరుసటి ఏడాది దేశంలోని 13 ఆసుపత్రుల వైద్యులు కలిసి, తిప్పతీగ వాడాక కాలేయం వాపు వచ్చినవారి వివరాలు ప్రచురించారు. రెండోదానిలో 43 మంది ఉన్నారు. వారిలో చాలామందికి ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌ను పోలిన వాపు కనిపించింది. ఆయుష్ మంత్రిత్వ శాఖ దీన్ని ఒప్పుకోలేదు, తిప్పతీగను పోలిన వేరే తీగ కలిసి ఉండవచ్చని వాదించింది. ఆ వాదం తేలేదాకా మనం ఆగనక్కర లేదు. మీ అమ్మాయికి ఉన్నది రక్షణ వ్యవస్థ మితిమీరి పనిచేసే జబ్బు. దాన్ని ఇంకా రెచ్చగొట్టేదేదీ ఆమెకు అవసరం లేదు. ఈ రోజే ఫోను చేసి హాస్టల్లోని పొడి పారేయించండి. వైద్యుడికి ఈ కషాయం సంగతి ఎంతకాలం, వారానికి ఎన్నిసార్లు అనేది దాచకుండా చెప్పండి. చెప్పకపోతే ఆయన లేని జబ్బును వెతుకుతారు, ఉన్న కారణాన్ని వదిలేస్తారు. మానేశాక కొన్ని వారాల్లో అంకెలు దిగితే చాలావరకు అదే కారణమనుకోవచ్చు, అంతకంటే మంచి వార్త ఉండదు. దిగకపోతే వేరే కారణం కూడా వెతకాలని తెలుస్తుంది. 'పాడుచేశానా' అన్న మాటను మాత్రం ఇక్కడితో వదిలేయండి తల్లీ. మీ చేతులు ఇచ్చింది మేలు కోరి. ఈ జబ్బులు ఏ తల్లి చేతిలోనూ పుట్టవు.

ఎమ్మార్‌సీపీ అంటే భయపడవలసినదేమీ లేదు. ఇది ఎమ్మారై యంత్రంతో పిత్తనాళాలను చూసే విధానం. ఎక్స్‌రే కిరణాలు ఉండవు, గొట్టం వేయరు, నాళాలు చూడటం వరకైతే సాధారణంగా సూది మందు కూడా అక్కర లేదు. నాలుగు గంటలు ఏమీ తినకుండా వెళ్లాలి. చెవిపోగులు, పిన్నులు తీసేయాలి. సొరంగం లాంటి యంత్రంలో అరగంట పడుకోవాలి. డబడబమని చప్పుడు చేస్తుంది, మధ్యమధ్య ఊపిరి బిగపట్టమంటారు. నాళాల్లోని పిత్తరసం తెల్లగా, చెట్టు కొమ్మల్లా కనిపిస్తుంది. జబ్బు ఉంటే ఆ కొమ్మలు ఒకచోట ఇరుకై ఒకచోట ఉబ్బి, పూసలు గుచ్చిన దండలా ఉంటాయి. మామూలు అల్ట్రాసౌండ్‌లో ఇది చాలాసార్లు దొరకదు. 'స్కానింగ్ చేయించాం, ఏమీ లేదు' అని మీ వారు అన్నది ఆ అల్ట్రాసౌండ్ గురించే అయితే, ఆ ధైర్యం సరిపోదు. ఇంకొక మాట. ఎవరైనా తేల్చుకోవడం కోసమని ఈఆర్‌సీపీ చేద్దామంటే కారణం అడగండి. నోటి గుండా గొట్టం వేసి చేసే ఆ విధానం ఇరుకైన నాళాన్ని విప్పడానికి ఉపయోగం, కేవలం చూడటానికి కాదు. దానివల్ల క్లోమానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది.

మే దాకా ఆగవచ్చా అన్నది మీ వారి ప్రశ్న. ఆయన బిడ్డ చదువు కోసం అడుగుతున్నారు, నిర్లక్ష్యంతో కాదు. కాబట్టి ఉన్నదున్నట్టు చెబుతాను. లోపల ఉన్నది పీఎస్‌సీ ఒక్కటే అయితే, ఐదు నెలల్లో పెద్దగా మునిగిపోయేది ఏమీ ఉండకపోవచ్చు. అది ఏళ్ల తరబడి మెల్లగా సాగే జబ్బు. కానీ ఆటోఇమ్యూన్ హెపటైటిస్ అయితే ఐదు నెలలు తక్కువ కాలం కాదు. మందుతో ఆగేదాన్ని మందు లేకుండా సాగనిచ్చినట్టే. సరిగ్గా పరీక్షల రోజుల్లో కామెర్లు బయటపడితే అప్పుడు చదువూ పోతుంది, ఆసుపత్రి మంచమూ తప్పదు. ఏది ఉందో తెలియకుండా ఆగడంలో ఉన్న చిక్కు అదే.

నాకు కనిపిస్తున్న దారులు చెబుతాను, ఎంచుకోవలసింది మీరు ముగ్గురూ. మొదటిది, రక్తపరీక్షలన్నీ ఈ వారమే చేయించి, వాటిని బట్టి స్కానింగు తేదీ నిర్ణయించుకోవడం. రక్తం ఇవ్వడానికి పావుగంట చాలు, ఆదివారం ఔటింగు రోజున అయిపోతుంది. ఐజీజీ, ఎస్‌జీపీటీ మామూలుకు దగ్గరగా ఉండి జీజీటీ ఒక్కటే పెరిగితే, ఎమ్మార్‌సీపీని సంక్రాంతి సెలవుల దాకా జరపవచ్చు. వైద్యుడు కూడా ఒప్పుకుంటారనే అనుకుంటాను. ఐజీజీ బాగా పెరిగి ఉంటే మాత్రం జరపకూడదు. అప్పుడు కాలేయం నుంచి సూదితో చిన్న ముక్క తీసి చూడవలసి రావచ్చు, దానికి ఒక రోజు ఆసుపత్రిలో ఉండాలి. రెండో దారి, అన్నీ ఒకేసారి, ఒకే రోజు తేల్చేయడం. హైదరాబాద్ వెళ్లదలచుకుంటే కాజీపేటలో పొద్దున రైలెక్కి రాత్రికి తిరిగి రావచ్చు. దీనిలో లాభం అనుమానం త్వరగా తీరడం. నష్టం ఖర్చు, ఒక రోజు చదువు, ఒకే రోజున బరువైన వార్త వినవలసి రావడం. మూడోది మీ వారు చెప్పినట్టు అంతా మే తర్వాత. మీరు దీన్నే ఎంచుకుంటే కనీసం జీజీటీ, ఐజీజీ, బిలిరుబిన్, రక్తం గడ్డకట్టే పరీక్ష ఇప్పుడొకసారి, నెలన్నరకొకసారి చేయించండి. ఏదైనా పెరిగితే ఆగడం ఆపేయాలి. నా మనసు మొదటి దారి వైపే ఉంది, ఆ మాట దాచను. కానీ ఇంటి పరిస్థితి, పిల్ల మనసు మీకు తెలిసినంత నాకు తెలియదు.

ఖర్చు గురించి మీరు నేరుగా అడగలేదు కానీ, కుట్టుకూలీ లెక్కలు రాసిన తీరులో కనిపించింది. రక్తపరీక్షల్లో చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా చేస్తారు, ముందు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో అడగండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, నిమ్స్‌లలో పేగులు, కాలేయం వైద్య విభాగాలు ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. అయితే అది ప్రతి పరీక్షకూ వర్తించదు. ఏది వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, వైద్యుడి చీటీ చూపించి తెలుసుకోండి.

ఫోనులో చూసిన మాటల గురించి కూడా నేను తప్పించుకోను. పీఎస్‌సీని పూర్తిగా ఆపే మందు ఇప్పటికి లేదు. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మాత్ర ఇస్తే అంకెలు దిగుతాయి, కొందరికి దురద తగ్గుతుంది. మోతాదు ఎక్కువైతే మేలు కంటే కీడు చేసిందని 2009లో వెలువడిన అమెరికా పరిశోధన చూపింది, కాబట్టి సొంతంగా మోతాదు పెంచకూడదు. కొందరికి చాలా ఏళ్ల తర్వాత కాలేయ మార్పిడి అవసరమవుతుంది, అందరికీ కాదు. పిత్తనాళాల క్యాన్సర్ ముప్పు పెద్దవారిలో ఉంది, మీ అమ్మాయి వయసులో అది చాలా అరుదు. కానీ ఈ జబ్బు తెలియడం వల్ల మారిపోయే ముఖ్యమైన విషయం ఒకటుంది. మీరు ఆసుపత్రికి వెళ్లడం దండగ అనుకోకుండా ఉండటానికి ఇదొక్కటి చాలు. ఒట్టి కొలైటిస్ ఉన్నవారికి పెద్దపేగు క్యాన్సర్ కోసం చూసే కొలనోస్కోపీలు జబ్బు మొదలైన ఎనిమిదేళ్ల దాకా అవసరం పడవు. పీఎస్‌సీ కూడా ఉంటే ముప్పు చాలా ఎక్కువ. అందుకే అది తేలిన నాటి నుంచే ఏటా చూడాలంటారు. పేగు ఎంత నెమ్మదిగా ఉన్నా సరే. అంటే 'కాలేయానికి మందు లేదన్నారు కదా, పరీక్ష ఎందుకు' అని వదిలేస్తే, పేగులో ముందుగా పట్టుకోగలిగినదాన్ని కూడా వదిలేసినట్టవుతుంది. పిత్తాశయంలో గడ్డలు, ఎముకల బలహీనత, కొవ్వులో కరిగే విటమిన్ల లోపం వంటివి కూడా ముందే చూసి సరిచేసుకోవచ్చు. హెపటైటిస్ ఎ, బి టీకాలు వేయించుకోవచ్చు. ఇవన్నీ చేసుకుంటూనే చదువుకున్నవారు, ఉద్యోగం చేసినవారు, పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నవారు నాకు తెలుసు.

ఆ పౌడరు డబ్బా నన్ను వదలడం లేదు. పదిహేడేళ్ల పిల్ల రోజూ అందరూ స్నానానికి వెళ్లాక డబ్బా మూత తీసి, అరచేతిలో మాత్రలు పోసుకుని, ఎవరైనా వస్తారేమోనని తలుపు వైపు చూస్తూ మింగుతోంది. మీరు ఆమెకు చెప్పకుండా ఆమెను కాపాడుతున్నామనుకుంటున్నారు. ఆమె మీకు చెప్పకుండా ఎన్ని దాచుతోందో? దురద ఎంతకాలంగా ఉందో మీకు తెలియదు. మాత్రలు ఎన్ని రోజులు మానేసిందో మీకు తెలియదు. పైగా బైపీసీ చదివే పిల్ల, పిత్తరసం గురించి మీకంటే ఎక్కువ చదివింది. స్కానింగు గదిలోకి పంపి 'ఏమీ లేదు, ఊరికే' అంటే నమ్ముతుందా? ఆమె కూడా మీలాగే ఫోను తీసి, అర్ధరాత్రి దుప్పటి కింద వెతుక్కుంటుంది. అప్పుడు పక్కన మీరు ఉండరు.

చెప్పడంలోనూ దారులున్నాయి. మొత్తం ఒకేసారి చెప్పనక్కర లేదు. 'నీ కాలేయం పరీక్షలో ఒక అంకె ఎక్కువగా ఉంది. ఎందుకో తెలుసుకోవడానికి రక్తం, ఒక స్కానింగు కావాలి. ఎముకల వల్ల కావచ్చు, కషాయం వల్ల కావచ్చు, కొలైటిస్‌తో పాటు వచ్చే ఇంకొకటి కావచ్చు. తెలిశాక నీకే ముందు చెబుతాం' అంటే చాలు. అందులో అబద్ధం లేదు, భయపెట్టే మాటా లేదు. తేదీ ఎప్పుడు పెట్టుకుందామో ఆమెనే అడగండి. ఏ వారం గ్రాండ్ టెస్టులు ఉన్నాయో, ఏ ఆదివారం ఖాళీయో ఆమెకే తెలుసు. మీ వారికి ఇది కష్టంగా ఉంటే, వైద్యుడి ముందే ఆమెకు చెప్పించండి. పిల్లలు వైద్యుడిని అడిగే ప్రశ్నలు అమ్మానాన్నలను అడగరు. కాసేపు మీరిద్దరూ బయట కూర్చున్నా నష్టం లేదు.

పసరు మందు విషయంలో అత్తమ్మతో వాదం పెట్టుకోకండి. ఆమె చూసిన కామెర్లు వేరు. నీళ్ల వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు వచ్చింది. ఇక్కడ కామెర్లే లేవు. కంట్లో పోసే పసరు గానీ, చేతి మీద పెట్టే వాత గానీ, ఏ ఆకులు నూరారో తెలియని ముద్ద గానీ ఆ పిల్లకు తగలనివ్వకండి. 'డాక్టరు ఒక నెల ఏదీ ఇవ్వవద్దన్నాడు, పరీక్ష తప్పు చూపిస్తుందట' అని నా మాటగా చెప్పండి. అది నిజం కూడా. తిప్పతీగ కంచె మీద ఉంటే ఉండనివ్వండి, పీకేసి ఆమె మనసు నొప్పించనక్కర లేదు. కాలేయం జబ్బు అనగానే తాగుడు అనుకునే చుట్టాలకు ఏ సంజాయిషీ ఇవ్వవలసిన పని లేదు. కాలేయం జబ్బులన్నీ సారా వల్ల, కల్లు వల్ల రావు. అడిగినవారికి 'పేగు జబ్బుకు ఏటా చేసే పరీక్ష' అంటే సరిపోతుంది.

ఈ లోపల కొన్ని కనిపిస్తే ఏ తేదీ కోసమూ ఆగకండి: చలితో వచ్చే జ్వరం, కుడి డొక్కలో నొప్పి, కళ్లు పసుపు పచ్చగా మారడం, మూత్రం ముదురు రంగులో రావడం, నల్లని విరేచనం. హాస్టల్ వార్డెనుకు ఈ ఐదూ రాసి ఇవ్వండి. జబ్బు పేరు చెప్పాలా వద్దా అన్నది అమ్మాయి ఇష్టం. ఒంటినొప్పులకు, నెలసరి నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివి తెచ్చి వేసుకోవద్దని చెప్పండి, అవి కొలైటిస్‌ను రేపుతాయి. వైద్యుడు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ పరవాలేదు. మెసలమైన్ మాత్రం ఎవరికి భయపడీ మానకూడదు.

వెళ్లే ముందు పాత కొలనోస్కోపీ కాగితం, బయాప్సీ రిపోర్టు, ఈ ఏడాది మూడు రక్తపరీక్షలు, మాత్రల చీటీలు, కషాయం తాగిన నెలలు రాసిన కాగితం ఒక ఫైల్లో పెట్టండి. దురద ఎప్పుడు మొదలైందో, ఏ వేళ ఎక్కువో అమ్మాయినే సొంత చేతిరాతతో రాయమనండి. ఫైలు మీద పేరు కూడా ఆమెనే రాయమని, లోపలికి వెళ్లేటప్పుడు అది ఆమె చేతికే ఇవ్వండి. జీజీటీ, ఐజీజీ వచ్చాక నాకు మళ్లీ రాయండి, ఈసారి ఆ దురద మాట మొదటి పేజీలో.